ఎదురుమాటకు చందా

నారాయణ్ పేటలో శుభదా లిమయే మెస్సుకి ఆకలేసి వెళ్ళేవాళ్ళు సగం మందే. మిగిలిన సగం మంది తిట్లు తినడానికి వెళతారు. గోడల నిండా బోర్డులు. నల్ల పలక మీద తెల్ల రంగుతో ఆవిడే స్వయంగా రాసుకున్నవి. చేతులు కడుక్కునే చోట: "మీ ఇంట్లో ఇంతకంటే బాగా వండుతారని మాకు తెలుసు. అక్కడే తినండి." గల్లా పెట్టె మీద: "చిల్లర లేదని చెప్పేవారు తమ సమస్యను తమ దగ్గరే ఉంచుకోవాలి." ఫ్యాను కింద: "ఈ ఫ్యాను ఇంతే తిరుగుతుంది. మీరు చూసినా ఇంతే."

పుణెలో పాత పేటల వాళ్ళకి గుమ్మం మీద, గేటు మీద, గోడ మీద ఇలా రాసి పెట్టడం తాతల నాటి అలవాటు. నోటితో అంటే గొడవ అవుతుంది. రాసి తగిలిస్తే అది నియమం అవుతుంది. శుభదా మటుకు రెండూ చేసేది. రాసేది, రాసినదాన్ని చదవనివాడికి చదివి వినిపించేది కూడా. వరణ్-భాత్, అదే పప్పన్నం, వడ్డిస్తూ, రెండోసారి ఆమ్టీ పులుసు అడిగిన కాలేజీ కుర్రాడితో, "గిన్నెలోకి చూడు. ఉందా? లేదు. ఉంటే పోసేదాన్ని. నీ మీద పగ ఏమీ లేదు, ఆమ్టీయే లేదు," అనేది. వాడు నవ్వుకుంటూ ఒట్టి పోళీ రొట్టె తినేసేవాడు.

ఆ నవ్వే ఆవిడకి గిట్టనిది.

మెస్సు పెట్టింది ఆవిడ తల్లి. ఆ తల్లీకూతుళ్ళు ముప్పై ఏళ్ళ పాటు ఒకే పొయ్యి దగ్గర నిలబడి పోట్లాడుకున్నారు. పోపు ముందా చింతపండు ముందా దగ్గర మొదలై, శుభదాకి చూసిన సంబంధాల దాకా వెళ్ళి, మళ్ళీ పోపు దగ్గరికి వచ్చి ఆగేవి ఆ పోట్లాటలు. సంబంధాల సంగతికి వస్తే, ఉల్లిపాయల పోహే, అంటే అటుకుల ఉప్మా, పళ్ళెంలో పెట్టుకుని పెళ్ళిచూపులవాళ్ళ ముందుకు వెళ్ళడం శుభదాకీ జరిగింది. ఒక పెళ్ళికొడుకు మేనత్త పోహేలో ఉప్పు తగ్గిందంటే, "మీ ఇంటి నుంచి తెచ్చుకోవాల్సింది," అంది. ఆ మాట శనివార్ పేట దాటి పర్వతి కొండ దాకా పాకిపోయింది. తర్వాత సంబంధాలు రాలేదు. తల్లి అందుకు తిట్టింది. కూతురు తిరిగి తిట్టింది. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు.

తల్లి పోయినప్పుడు పరామర్శకి వచ్చిన వాళ్ళంతా ఒక్కటే మాట అన్నారు: ఇక నీకు కాస్త ప్రశాంతత. ఇంతకంటే బుద్ధిలేని ఓదార్పు ఉండదు. శుభదాకి ప్రశాంతతతో పనేముంది? ఆవిడ నోరు పదునైనది. పదునుకి రాపిడి కావాలి. ఇప్పుడు ఏమన్నా అందరూ నవ్వుతున్నారు. కుర్రాళ్ళు బోర్డుల ఫొటోలు తీసి ఊరంతా పంచుతున్నారు. తిట్టించుకోవడానికి పింపరీ నుంచి మోటారుసైకిళ్ళ మీద వస్తున్నారు. బంతిని గోడకి కొట్టినా అది తిరిగి వస్తుంది. వీళ్ళకి కొడితే దూదిలో పడ్డట్టు పడి అక్కడే ఉండిపోతుంది. యాభై ఒకటో ఏట శుభదాకి అర్థమైంది, తనకి కావలసింది మొగుడు కాదని, వడ్డించే తోడూ కాదని. ఎదురు మాట చెప్పే మనిషి ఒకడు.

ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అయినా పక్క వాడాలో, అంటే పాతకాలపు లోగిలి ఇంట్లో, ఉండే కుందా వైద్య కనిపెట్టేసింది. కుందా సహకార బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. భర్త పోయాక ట్రెక్కింగులూ హార్మోనియమూ మొదలుపెట్టి, అన్నీ మధ్యలో ఆపేసింది.

"ఏమే శుభదా, నీకు శత్రువు కావాలే," అంది కుందా ఒకరోజు, శనగలు ఒలుస్తూ. "ఆ ఫోనులో బోలెడంత మంది ఉన్నారు. తోడు వెతికిపెట్టే యాప్‌లట. నేను కూడా చేరదామనుకుంటున్నాను. ముందు నువ్వు చేరి చూడు."

"ఎందుకు, నేను రుచి చూసే గరిటెనా?"

"అవును. నీకు నచ్చిందంటే ఇక అందులో తప్పు ఉండదు. నీకు ఇంతవరకూ ఏదీ నచ్చలేదు కదా."

శుభదా ఒక్క షరతు పెట్టుకుంది. ఒక్క పైసా కట్టకూడదు. పిసినారితనం అని పేటవాళ్ళు తర్వాత అన్నారు కానీ అది కాదు. మాటకి మాట ఇవ్వడం అనేది డబ్బు పెట్టి కొనుక్కునే సరుకైతే, ఆ సరుకు తనకి అక్కర్లేదు. తన మెస్సులో భోజనానికి టోకెన్ ఉంది. తిట్టుకి వేరే టోకెన్ ఎప్పుడైనా పెట్టిందా?

మొదటి యాప్ ఉచితమే అంది. పేరు రాసి, వయసు రాసి, నిజమైన ఫొటో పెట్టగానే, పదిహేడు మందికి మీరు నచ్చారు అని గంట కొట్టింది. చూద్దామని వేలు పెడితే పదిహేడు ముఖాలకీ పొగమంచు కప్పి ఉంది. ముఖాలు కనిపించాలంటే కట్టాలట. నచ్చింది వాళ్ళకైతే కట్టాల్సింది వాళ్ళు కదా అని శుభదా కంపెనీకి రాసింది. అంతలో పదిహేడు ఇరవై మూడు అయింది. ఇంకా మంచులోనే ఉన్నారు. ఆ మంచు వెనక మనుషులున్నారని నమ్మడానికి ఆవిడ దగ్గర ఏ ఆధారమూ లేదు. తీసేసింది.

రెండోది ఆడవాళ్ళకి పూర్తిగా ఉచితం అంది. అది చూసి ఆవిడకి ఇంకా మండింది. నదికి అవతల కొత్తగా పెట్టిన మెస్సువాడు ఇలాగే చేసేవాడు. వీధిలోకి కనిపించే బల్ల దగ్గర నలుగురు కుర్రాళ్ళని ఊరికే కూర్చోబెట్టి పెట్టేవాడు, రద్దీ ఉన్నట్టు కనిపించాలని. ఆ నలుగురూ అతిథులు కారు, అలంకారం. ఈ యాప్‌లో తనూ అలంకారమే. డబ్బు కట్టిన మగాళ్ళకి చూపించడానికి కిటికీ దగ్గర కూర్చోబెట్టిన మనిషి. వచ్చిన మెసేజ్‌లు కూడా అలాగే ఉన్నాయి: గులాబీ బొమ్మ, సూర్యోదయం బొమ్మ, మీ కళ్ళు అందంగా ఉన్నాయి, భోంచేశారా. తీసేసింది.

మూడోది వారం రోజులు ఉచితం అని చెప్పి, కార్డు నంబరు ఊరికే రాసి పెట్టమంది. ఆ 'ఊరికే' దగ్గర కుందా ముందే హెచ్చరించింది. శుభదా వినలేదు, బ్యాంకువాళ్ళు చెప్పేది ఆవిడ ఏనాడూ వినలేదు. ఎనిమిదో రోజు డబ్బు పోయింది. కంపెనీ తరఫున రియా అనే పేరుతో ఎవరో జవాబులు ఇచ్చారు: మీ భావన మాకు అర్థమైంది, మీ సహనానికి ధన్యవాదాలు. శుభదా మధ్యాహ్నాలు నిద్ర మానుకుని రియాని తిట్టింది. ఎంత తిట్టినా భావన అర్థమవుతూనే ఉంది. చివరికి, "రియా, నువ్వు మనిషివైతే ఒక్కసారి విసుక్కో," అని రాసింది. మీ అభిప్రాయం మాకు అమూల్యం అని వచ్చింది. తిట్టినా నవ్వే కుర్రాళ్ళే నయమనిపించింది. వాళ్ళు కనీసం ఉన్నారు.

నాలుగోది గురించి ఎక్కడో చదివింది. పేరున్నది కాదు. అలంకారాలు లేవు, గులాబీలు లేవు. మొదటి పేజీలోనే రాసుకుంది: ఉచితం, దాచిన రుసుములు లేవు. శుభదా షరతుల పేజీ తెరిచింది. ముప్పై పేజీలున్నాయి, నాలుగు చదివింది. తన పరిచయం ఇలా రాసుకుంది:

"వయసు యాభై ఒకటి. ఫొటో ఈ ఏటిదే. సొంత వ్యాపారం, ఏమిటని అడగవద్దు. 'హాయ్' అని మాత్రమే రాసేవారికి జవాబు ఉండదు. సూర్యోదయాన్ని నేనే చూసుకుంటాను, పంపనక్కర్లేదు."

వ్యాపారం సంగతి దాచింది కావాలనే. మెస్సు అని తెలిస్తే ప్రతి మగవాడూ పూరణ్ పోళీ బొబ్బట్ల దగ్గర మొదలుపెడతాడు.

చదివినవాళ్ళలో కొందరు ఇది పరిచయమా, నోటీసా అని కంపెనీకి ఫిర్యాదు చేశారు. మిగతావాళ్ళు దూరం జరిగారు. ఇంకే ఊరి మనిషైనా మార్చి రాసుకునేది. పేటల మనిషి మార్చదు; ఒకసారి తగిలించిన బోర్డు తీస్తే ఓడిపోయినట్టే. అలా నెల గడిచాక ఇంకో నోటీసు కంటపడింది:

"విద్యాధర్ కేత్కర్, యాభై ఎనిమిది. విద్యుత్తు శాఖలో రిటైరయ్యాను, మీ ఇంట్లో కరెంటు పోతే నాకు సంబంధం లేదు. భార్య చనిపోయింది, సానుభూతి అక్కర్లేదు. నడక, సంగీతం ఇష్టమని అందరూ రాస్తారు, నేను రాయను."

శుభదా ఆ సానుభూతి వాక్యం రెండుసార్లు చదివింది. తర్వాత రాసింది: "సానుభూతి అక్కర్లేదంటున్నారు. ఇస్తామని ఎవరైనా అడిగారా?"

జవాబు వెంటనే వచ్చింది. "ఇప్పటిదాకా లేదు. ముందుజాగ్రత్త."

ఆ రోజు నుంచి వాళ్ళు పోట్లాడుకున్నారు. నగరపాలక సంస్థ నీళ్ళు వదిలే వేళల గురించి, మెట్రో స్తంభాల గురించి, థాలీపీఠ్ రొట్టెలో కొత్తిమీర అవసరమా కాదా అన్నదాని గురించి, చనిపోయినవాళ్ళ ఫొటోలకి దండ వేయడం గురించి. కేత్కర్ వేయనన్నాడు. బతికుండగా పూలు తెచ్చి ఇస్తే భార్య ఆ డబ్బుతో వంకాయలు వచ్చేవనేదట; ఇప్పుడు దండ వేస్తే ఆమె మాట తీసేసినట్టని అతని వాదన. శుభదా దానికి జవాబు వెతుక్కుంటూ ఆ సాయంత్రం పప్పు మాడబెట్టింది. ఎన్నో ఏళ్ళ తర్వాత మాడిన పప్పు. ఎవరూ ఏమీ అనలేదు, అనే ధైర్యం లేదు.

బోర్డుల మీద కూడా పోటీ నడిచింది. సదాశివ్ పేటలో తన గేటు మీద ఉన్న బోర్డు ముందు ఎవరిదీ నిలవదని కేత్కర్ రాసి పంపాడు: "బెల్లు ఒకసారే నొక్కండి. లోపల చెవిటివాళ్ళు లేరు. తలుపు తీయాలా వద్దా అని ఆలోచిస్తున్నాం." బాగుందని శుభదాకి అనిపించింది. పొడుగు ఎక్కువైంది అని రాసింది.

ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకోలేదు. ఆ యాప్‌లో అంకెలు రాస్తే చెరిగిపోయేవి. ఇవ్వాలని ఇద్దరిలో ఎవరూ పట్టుబట్టలేదు కూడా. పట్టుబట్టడం అంటే అవసరం ఒప్పుకోవడం.

ఇక్కడ శుభదా చేసిన పని పేటల మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. మంచి యాప్ దొరికినవాళ్ళు మామూలుగా చెవిలో చెబుతారు, లేదా నోరు మూసుకుంటారు. ఈవిడ గోడకెక్కించింది. గల్లా పెట్టె పక్కన కొత్త బోర్డు వెలిసింది: "ఈ వయసులో తోడు వెతుక్కునేవారు మోసపోనక్కర్లేదు. నిజంగా ఉచితమైన యాప్ ఒకటి ఉంది. పేరు ఇక్కడ అడగండి. నేను స్వయంగా వాడి చూశాను. శు. లిమయే."

పేట కదిలిపోయింది. ఒకదాన్ని మెచ్చుకునే మాట ఆ చేతి రాతలో ఎవరూ చూసి ఎరగరు. లైబ్రరీలో పనిచేసే ఆవిడ వచ్చి అడిగింది, పూలకొట్టు యజమానురాలు అడిగింది. మగవాళ్ళు టోకెన్ తీసుకుంటూ, మా చెల్లెలి కోసం అని గొంతు తగ్గించారు. చెల్లెళ్ళు లేనివాళ్ళు కూడా. కుందా అందరికంటే ముందే చేరింది.

మూడు వారాలకి, సరిగ్గా మధ్యాహ్నం భోజనాల రద్దీలో, కుందా టోకెన్ తీసుకోకుండా నేరుగా లోపలికి వచ్చి బోర్డు కింద నిలబడింది. బల్లల దగ్గర తలలన్నీ అటు తిరిగాయి.

"ఇది ఎవరు రాశారే?" అంది.

"కళ్ళజోడు పెట్టుకో. పేరుంది."

"నాశిక్‌లో ఒక రిటైర్డు మాస్టారు దొరికాడు నాకు. బుద్ధిగా మాట్లాడుకుంటున్నాం. పదో మాట దగ్గర నా నోటికి తాళం పడింది. ముందుకు సాగాలంటే ఇద్దరిలో ఒకరు చందా కట్టాలట. ఆయన నేను కడతానని చూస్తున్నాడు, నేను ఆయన కడతాడని చూస్తున్నాను. లైబ్రరీ ఆవిడకీ ఇంతే. పూలకొట్టు ఆవిడకీ ఇంతే. నీకు పడలేదా తాళం?"

"పడలేదు."

"ఎన్ని మాటలయ్యాయి నీకు?"

శుభదా లెక్కపెట్టలేదు. వందలు అయి ఉంటాయి. కుందా ఇదే ఎదురుచూస్తున్నట్టు తల ఊపింది. బ్యాంకులో ఇన్నేళ్ళు తప్పుడు సంతకాలు పట్టుకున్న మనిషి. షరతుల పేజీలు పదకొండో పేజీ దాకా చదివి వచ్చింది.

"ఇద్దరిలో ఒకరు కడితే చాలు, రెండోవాళ్ళకి ఆ సంగతి చెప్పరట. అర్థమైందా? నీకు ఎవడో కడుతున్నాడు. లోకంలో ఒక్కడికీ టోకెన్ లేకుండా పప్పు పెట్టవు నువ్వు. ఇన్నాళ్ళుగా ఒకడి ఖర్చు మీద వాగుతూ, ఉచితం అని మా నెత్తిన బోర్డు కట్టావు."

మెస్సులో ఎవరూ నవ్వలేదు. శుభదా కోరుకున్న ఎదురుమాట అదే, కానీ అది రావలసిన చోటు నుంచి రాలేదు, తప్పు అని కొట్టేయడానికి వీల్లేని మాటగా వచ్చింది. గరిటె ఆమ్టీలో వదిలేసి, పెరట్లోకి వెళ్ళి, ఫోను తీసి రాసింది: "కేత్కర్, ఒక్క మాటలో చెప్పండి. చందా మీరు కడుతున్నారా?"

"అవును," అని వచ్చింది. దాని కింద ఇంకొకటి: "ఇంకో మాట రాయవచ్చా?"

ఆవిడ యాప్ తీసేసింది. తీసేస్తున్నారా అని అది అడిగింది, అన్నీ పోతాయి అని చెప్పింది. పోనీ అంది. తర్వాత స్టూలు వేసుకుని ఎక్కి, అందరూ చూస్తుండగా బోర్డు విప్పింది. దాని వెనక సున్నం తెల్లగా మిగిలిపోయింది. ఆ తెల్లటి నలుచదరం దగ్గర టోకెన్ తీసుకునేవాళ్ళు ఒక్క క్షణం ఆగి వెళ్ళడం మొదలుపెట్టారు.

మంచి జరిగిందని చెప్పేవాళ్ళు ఉన్నారు: ఆత్మగౌరవం నిలబెట్టుకుందని లైబ్రరీ ఆవిడ మెచ్చుకుంది కూడా. ఆత్మగౌరవంతో సాయంత్రాలు గడవవు. మెస్సు మూసి గిన్నెలు బోర్లించాక శుభదాకి నోట్లో మాటలు పేరుకుపోయేవి. దండల గురించి చెప్పాల్సిన జవాబు అప్పుడే తట్టింది, మహా గొప్పది. చెప్పడానికి మనిషి లేడు. నాలుగు రోజులు ఓపిక పట్టి చూసి, ఐదో రోజు ఆ యాప్ మళ్ళీ తెచ్చుకుంది. పాత మాటలు లేవు. కేత్కర్ లేడు. అది వేరే ముఖాలు చూపిస్తోంది. పేరు పెట్టి వెతకాలంటే చందా కట్టాలట.

అంటే దారులు రెండే. కంపెనీకి డబ్బు కట్టి కేత్కర్‌ని కొనుక్కోవడం ఒకటి. సదాశివ్ పేట అంతా తిరిగి ఆ బోర్డు ఉన్న గేటు పట్టుకోవడం రెండోది. మొదటిదానిలో కంపెనీ ముందు ఓటమి, రెండోదానిలో ఒక మగవాడి ముందు. కంపెనీ నవ్వుతుంది, మీ భావన అర్థమైంది అంటుంది. మగవాడు కనీసం తలుపు వేసేయవచ్చు. ఆవిడ చెప్పులు వేసుకుంది.

మెస్సు మనిషికి ఖాళీ దొరికేది మధ్యాహ్నమే. పేటల్లో మధ్యాహ్నం అంటే ఒంటిగంట నుంచి నాలుగు దాకా తలుపు తట్టకూడని వేళ. దుకాణాలు మూసి ఉంటాయి, పాలవాడు రాడు, కుక్కలు కూడా అరుగుల కింద పడుకుంటాయి. ఆ నిశ్శబ్దంలో శుభదా సందు సందుకీ గేట్లు చదువుకుంటూ నడిచింది. సగం వాడాలు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు. గేటుతో పాటు బోర్డూ పోయి ఉంటే ఇక అంతే. ఒక చోట ఇలా ఉంది: "ఈ మెట్ల మీద కూర్చుని ఫోనులో మాట్లాడేవారి సంగతులన్నీ మాకు వినిపిస్తున్నాయి. కాస్త ఆసక్తిగా ఉండేవి మాట్లాడండి." బాగుంది, కానీ ఇది కాదు. ఇంకో చోట కాపలావాడు లేచి, ఎవరు కావాలమ్మా అన్నాడు. బోర్డు కావాలంటే పిచ్చిదానిలా చూశాడు. వారం రోజులు తిరిగింది. నిద్రలేక వడ్డనలో చేయి జారేది, తిట్లలో మునుపటి జోరు తగ్గింది. కుర్రాళ్ళు శుభదా కాకూకి ఒంట్లో బాగాలేదేమోనని గుసగుసలాడారు.

దొరికింది. పేరూగేటు చౌక్ వెనక, పాత రాతి ఇల్లు, పైన అద్దెకి ఇచ్చిన వాటా. అదే బోర్డు. చివర ఇంకో వాక్యం కూడా ఉంది, అతను పంపనిది: "ఒంటిగంట నుంచి నాలుగు గంటల వరకు ప్రాణం పోతున్నా పిలవవద్దు."

అప్పుడు సమయం మూడు దాటింది. నాలుగింటికల్లా ఆవిడ పొయ్యి వెలిగించాలి. బెల్లు ఒకసారి నొక్కింది.

లోపల ఆలోచించుకుంటున్నట్టు చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత తలుపు తెరుచుకుంది. బనియనూ పైజామాలో బక్కపలుచటి మనిషి, చెంప మీద పేము కుర్చీ అచ్చు.

"బోర్డు చదవలేదా?"

"చదివాను. ఒకసారే నొక్కాను."

"కింది వాక్యం?"

"ప్రాణం పోతున్నా పిలవవద్దని ఉంది. నా ప్రాణం పోవడం లేదు. అందుకే పిలిచాను."

అతను కళ్ళు చికిలించి చూశాడు. "లిమయే," అన్నాడు. అడగలేదు, చెప్పాడు. "ఫొటోలో కోపం తక్కువగా ఉంది."

"ఆ డబ్బు ఎందుకు కట్టారు?"

"మాట్లాడటానికి."

"నాకు చెప్పకుండా?"

"చెబితే మానేసేవారు. చెప్పాను, మానేశారు. నా లెక్క తప్పలేదు."

శుభదా మెట్టు మీద నిలబడే మొదలుపెట్టింది. ఉచితమని తాను పేరు పెట్టి గోడ మీద రాసిందని, పేట మొత్తం తన మాట నమ్మి మోసపోయిందని, నలుగురి ముందు స్టూలెక్కి బోర్డు విప్పాల్సి వచ్చిందని, దానికంతటికీ కారణం ఎదురుగా బనియనుతో నిలబడిన ఈ మనిషేనని. గొంతు పెరిగింది. పై వాటా కిటికీ తెరుచుకుని ఒక బట్టతల బయటికి వచ్చింది. కేత్కర్ అటు చూడకుండానే, "నా కోసమే వచ్చారు. మీరు పడుకోండి," అన్నాడు.

తర్వాత ఆవిడ వైపు తిరిగాడు. "గోడ మీద రాయమని నేను చెప్పానా? మీది తప్ప ఇంకొకరి అనుభవం అడగకుండా ఊరందరికీ హామీ ఇచ్చారు. విద్యుత్తు శాఖలో అలా చేసి ఉంటే ఉద్యోగం పోయేది."

"షరతులు నాలుగు పేజీలు చదివాను."

"నేను మొత్తం చదివాను. అందుకే కట్టాను."

"నా మీద దయ తలిచి కట్టారా?"

"దయ ఎక్కడినుంచి వచ్చింది? మీరు కట్టరని మీ పరిచయం చదివినప్పుడే తెలిసింది. నాకేమో మాట మధ్యలో ఆగితే నిద్ర పట్టదు. నా ఇంట్లో ఇరవై తొమ్మిదేళ్ళు ఎవరి మాటా మధ్యలో ఆగలేదు. నా అవసరానికి నేను కొనుక్కున్నాను. మీకు పంచిపెట్టలేదు."

శుభదా నోరు తెరిచింది. వెతికింది. తల్లితో ముప్పై ఏళ్ళలో ఇలా ఎన్నడూ జరగలేదు. ఇవాళ జవాబు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఈ మనిషి అన్న మాటలో తప్పు లేదు. తప్పు లేని మాట చెప్పినవాణ్ణి ఏం చేయాలో ఆవిడకి ఎవరూ నేర్పలేదు. తిరిగి వెళ్ళిపోవచ్చు. వెళితే ఇక ఈ గేటు దగ్గరికి రావడానికి కారణం ఉండదు, అది ఆవిడకీ తెలుసు, తలుపు రెక్క పట్టుకుని నిలబడిన అతనికీ తెలుసు.

"ఇంకో మాట రాయవచ్చా అన్నారు ఆ రోజు," అంది చివరికి. "ఏమిటది?"

"'అయితే ఏమిటి?' అని."

"అంతేనా?"

"ఇంకేం రాస్తాను? కవిత్వమా?" అతను పక్కకి జరిగాడు. "లోపలికి వచ్చి అరవండి. పైన ఆయన రేపు నా మీద బోర్డు పెడతాడు. టీ నాలుగింటికి."

"నాలుగింటికి నాకు పని ఉంది."

"ఏం పని?"

"మెస్సు."

వ్యాపారం సంగతి ఇన్నాళ్ళుగా ఎందుకు దాచిందో అతనికి అర్థమైనట్టుంది, కానీ వంట గురించి ఒక్క ముక్క అడగలేదు. విసుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళి గిన్నె పెట్టాడు. మధ్యాహ్నం మూడున్నరకి ఆ ఇంట్లో స్టవ్ వెలగడం భార్య పోయాక అదే మొదలు అయి ఉంటుంది. అగ్గిపెట్టె కోసం మూడు డబ్బాలు వెతికాడు. చక్కెర ఎక్కువైందని శుభదా అంది. అలవాటు చేసుకోండి, లేకపోతే మీ మెస్సులో తాగండి అన్నాడు. ఆవిడ కప్పు ఖాళీ చేసింది.

అప్పుడు అతను ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. శుభదా యాప్ తీసేసిన మర్నాటి నుంచి చందా ఆపేయాలని ప్రయత్నిస్తున్నాడట. చేరడానికి ఒక్క మీట సరిపోయింది, ఆపడానికి ఎక్కడా మీట లేదు. రాస్తే, మీరు మాకు విలువైన సభ్యులు అని జవాబు వస్తోంది. కార్డు మీద నెల నెలా కోసుకుంటూనే ఉంటారట.

శుభదా ఫోను దగ్గరికి లాక్కుంది. రియా మీద మిగిలిపోయిందంతా ఆవిడ ముఖంలోకి వచ్చింది. "వినియోగదారుల ఫోరానికి రాద్దాం. కాగితం ఉందా?"

"ఉంది. నేను రాస్తాను, మీరు వినండి. 'గౌరవనీయులైన...'"

"ఎవరికి గౌరవం?"

"ఫోరానికి. కంపెనీకి కాదు."

"ఫోరం మాత్రం ఏం పొడిచింది ఇప్పటిదాకా? పని చేసి చూపించమనండి, తర్వాత గౌరవిద్దాం."

"దరఖాస్తుకి ఒక పద్ధతి ఉంటుంది."

"పద్ధతి ప్రకారం ఉన్నవాళ్ళనే వాళ్ళు కోస్తారు. ముందు మోసం అని రాయండి, తర్వాత ఎవరికో రాసుకుందాం."

అతను కలం మూత పెట్టేశాడు. ఆవిడ తీసింది. నాలుగైనప్పుడు పైవాటా ఆయన కిందికి దిగి వచ్చి, తలుపు బార్లా తీసి ఉండటం చూసి, మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మెస్సు ఆలస్యంగా తెరుచుకుంది. ఎందుకని అడిగిన కుర్రాణ్ణి శుభదా ఎంత తిట్టిందంటే, వాడు నవ్వడం మరిచిపోయాడు. కాగితం మీద తేదీ తప్ప ఏమీ పడలేదు. మర్నాడు భోజనాల వేళ అయ్యాక, ఎండలో, ఆవిడ మళ్ళీ సదాశివ్ పేట వైపు నడిచింది. దరఖాస్తులో మొదటి మాట ఇంకా తేలలేదు.